నీ ఫోను సంగతి, అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మొదటిసారి విన్నప్పుడు పరవాడ కంపెనీ బస్సు హారనే ఎక్కువ వినబడింది. రెండోసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నీ పెళ్లాం నీ ఫోనులో ఆ బూతు వీడియోలు చూసింది. ఏడవలేదు, దెబ్బలాడలేదు. "నేను సరిపోనా మీకు?" అని ఒక్క మాట అడిగి అవతలికి వెళ్లిపోయింది. "అందరూ చూసేవే కదత్తా, ఇవి నిజంగా చెడ్డవా? వీటివల్ల సంసారాలు పాడవుతాయా?" అని నన్ను అడుగుతున్నావు. అత్త ఆస్పత్రిలో పనిచేసింది కాబట్టి సిగ్గుపడక్కర్లేదనుకున్నావు చూడు, అది మంచి పని.

ముందే చెప్తున్నాను. మేనల్లుడి పెళ్లాం వరసకి నాకు కూతురు. నేను ఆ పిల్ల పక్కన కూర్చునే మాట్లాడతాను. అలాగని నిన్నేం బోనెక్కించనులే.

మొదట నీ భయాలు తీసేస్తాను. అడగలేదు గాని అవి నీ గొంతులో ఉన్నాయి. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో పెళ్లి కుదిరిన కుర్రాళ్లు ఓపీ చీటీ మీద కడుపునొప్పి అని రాయించుకుని వచ్చేవారు. డాక్టరు గారి ముందు నోరు పెగలదు. ఇంజక్షన్ గదిలోకి వచ్చి, గోడకేసి చూస్తూ నాతో గొణిగేవారు. వాళ్లందరినీ ముందుగా భయపెట్టినవి స్టేషను గోడల మీది పోస్టర్లే. నరాల బలహీనత, గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జిలో ఫలానా వారం కలవండి అని. పెళ్లి ఖర్చుకి దాచిన డబ్బు ఆ లేహ్యాలకి పోసినవాళ్లున్నారు. ఈ భయం మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే, డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు 1960లో దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టాడు. ఒంట్లోంచి ఏదో పోతోందన్న బెంగే మనిషిని పీల్చేస్తుంది, పోయినదానివల్ల ఒంటికొచ్చే నష్టమేమీ లేదు. విజయవాడ డాక్టరు సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్లతరబడి ఇదే మాట ఓపిగ్గా చెప్తూ వచ్చారు. ఆ పేజీలు మీ తాతయ్య దిండు కింద ఉండేవి. మేమందరం చదివాం, ఎవరం చదవలేదు.

కాబట్టి కళ్లు పోవు, నరాలు చచ్చుబడవు, పిల్లలు పుట్టకుండా పోరు. ఇలాంటివి చెప్పి మీ వయసువాళ్లని బెదిరించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అబద్ధమని తేలిన రోజున కుర్రాళ్లు నిజమైన హాని గురించి చెప్పినా వినరు.

ఇక వ్యసనం అంటావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లో పెట్టిన జబ్బుల పట్టికలో, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకి చోటిచ్చారు. ఈ వీడియోలు వదల్లేకపోవడం కూడా అందులోకి రావచ్చు. కాని ఊరికే అతికించే చీటీ కాదది. ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సాగాలి. మానాలని ఎన్నిసార్లు చూసినా మానలేకపోవాలి. పని, ఆరోగ్యం, ఇల్లు వెనక్కిపోవాలి. తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని జబ్బు అనకూడదని కూడా అక్కడే రాశారు. నాకు ఆ వాక్యం బాగా నచ్చింది. సిగ్గుపడ్డవాడల్లా రోగి కాడు. నిన్ను నువ్వే చూసుకో. నైట్ షిఫ్టు దిగొచ్చి నిద్రపోకుండా అవే చూస్తున్నావా? పక్కన మనిషి ఉండగా కూడా ముందు తెర కావలసి వస్తోందా? నిన్నటిది చాలక ఇవాళ ఇంకా మోటుగా ఉన్నది వెతుకుతున్నావా? వీటికి అవునంటే దాచుకోకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లు. ఊళ్లో ఎవరైనా చూస్తారని మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

కాదంటే, నీ సమస్య వ్యసనం కాదు. వేరే ఉంది.

మా రోజుల్లో ఇవి లేవని నటించను. మలయాళం సినిమాల ఉదయం ఆటకి మధ్యలో బిట్లు కలిపి వేసేవారు. వెళ్లే మగాళ్లు తలకి తువ్వాలు చుట్టుకుని, మూతికి అడ్డం పెట్టుకుని వెళ్లేవారు. బయటికొచ్చేటప్పుడు ఒకడికొకడు ఎదురైతే ఇద్దరూ వేరే పనిమీద వచ్చినట్టే. తర్వాత వీసీపీ అద్దెకి తెచ్చి, ఇంట్లో ఆడవాళ్లు పుట్టింటికెళ్లినప్పుడు వేసుకునేవారు. అంటే చూడాలంటే డబ్బు పెట్టాలి, సమయం చూసుకోవాలి, నలుగురి కంటపడకుండా తిరగాలి. అన్ని గడపలు దాటాలి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక ఆ గడపలన్నీ ఒక్కసారే పోయాయి. ప్రభుత్వం 2015 జులై చివర్లో 857 సైట్లు ఆపమంది, గోల పుడితే వారం తిరక్కుండానే సడలించింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పాక మళ్లీ 827 ఆపారు. ఆపినవి ఆగాయా లేదా అన్నది నాకంటే నీకే బాగా తెలుసు. అందుకే సర్కారు ఆపుతుందని నేను ఎదురుచూడను. అయినా పదేళ్ల పిల్లాడి చేతికి అది అందకుండా చూడటం సర్కారు పనే కాదంటే మాత్రం ఒప్పుకోను.

సంసారాలు పాడవుతాయా అన్నావు. అమెరికాలో పెళ్లయినవాళ్లని 2006 నుంచి 2014 దాకా మళ్లీమళ్లీ పలకరించి లెక్కగట్టారు. మధ్యలో కొత్తగా ఇవి చూడటం మొదలుపెట్టినవాళ్లలో విడాకుల అవకాశం 6 శాతం నుంచి 11 శాతానికి పెరిగిందని తేలింది. ఈ అంకె పట్టుకుని పోర్న్ కాపురాలు కూలుస్తుందని అరిచేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. కాపురం అప్పటికే చెడి ఫోనులోకి దూరారో, ఫోనులోకి దూరి కాపురం చెడగొట్టుకున్నారో ఆ లెక్క పూర్తిగా విడదీసి చెప్పలేదు. అది వాళ్ల దేశం, వాళ్ల సంసారాలు కూడాను. మన దగ్గర విడాకులకి పోరు. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ముసలివాళ్లయిపోతారు. దాన్ని ఏ సర్వే లెక్కగడుతుంది?

నేను చూసింది చెప్తాను. నా ఉద్యోగం చివరి ఏళ్లలో కొత్త పెళ్లికూతుళ్లు కుటుంబ నియంత్రణ సలహాకని వచ్చి, తల్లి బయటికెళ్లేదాకా ఆగి, "సిస్టర్, ఆయన ఫోనులో చూపించి అలాగే చెయ్యమంటున్నారు, అందరూ అలాగే చేస్తారా?" అని అడిగేవారు. కొందరు నొప్పితో వచ్చేవారు. చీటీ మీద అదీ కడుపునొప్పే. ఆ మొగుళ్లెవరూ దుర్మార్గులు కాదు అల్లుడూ. బయట బెంచీ మీద కూర్చుని, కూల్ డ్రింకు పట్టుకుని, భార్యకేమైందో అని బెంగపడుతున్న కుర్రాళ్లే. ఎవరూ ఏమీ చెప్పని ఇళ్లలో పెరిగారు. వాళ్లకి దొరికిన గురువు ఆ తెర ఒక్కటే. అది నేర్పినదే చేశారు.

అది ఏం నేర్పుతుందో ఒకసారి ఆలోచించు. ఆ వీడియోల్లో ఎవరూ ఎవరినీ అడగరు. "నీకిష్టమేనా", "నొప్పిగా ఉందా", "ఇవాళ వద్దా" అనే మాటలుండవు. ఉంటే ఎవడు చూస్తాడు? 2010లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో, బాగా గిరాకీ ఉన్న వీడియోల్లోంచి 304 సన్నివేశాలు తీసి చూస్తే 88 శాతంలో కొట్టడమో, ఊపిరాడకుండా చెయ్యడమో, ఏదో ఒక దౌర్జన్యం కనిపించింది. దెబ్బలు తిన్నది దాదాపు ఎప్పుడూ ఆడదే. తిని నవ్వుతుంది, లేదంటే ఏమీ పట్టనట్టుంటుంది. నాకు దెబ్బకంటే ఆ నవ్వే భయమేసింది. పదిహేనేళ్లప్పటి నుంచి ఆ నవ్వు చూసి పెరిగినవాడికి, నిజంగా నొచ్చుకున్న మనిషి మొహం ఎదురుగా ఉన్నా చదవడం రాదు.

మన బెల్లం మార్కెట్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. తెల్లగా, పసుపు పచ్చగా మెరిసే దిమ్మకే ధర పలుకుతుందని పాకంలో హైడ్రోస్ అనే మందు వేస్తారు. ఏళ్లతరబడి ఆ రంగుకి అలవాటుపడ్డ కన్ను, ఏ మందూ వెయ్యని నల్లబెల్లం తెచ్చిస్తే పాడైపోయిందేమో అని తిప్పితిప్పి చూస్తుంది. నీ పెళ్లాం ఏ మందూ వెయ్యని మనిషి. అలసిపోతుంది, సిగ్గుపడుతుంది, మధ్యలో నవ్వొస్తే నవ్వేస్తుంది, కొన్ని రోజులు ఒళ్లు ముట్టనివ్వదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న నీ చూపు గురించి. తన గురించి కాదు.

ఇంతా విని అత్త కూడా ముసలిదైపోయి భజన మొదలెట్టింది అనుకోకు. శృంగారం మీద నాకే కోపమూ లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని అనే ఆమె రాధికా సాంత్వనము రాసింది. అందులో కోరేది రాధ, అలిగేది రాధ, కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాలి. వీరేశలింగం పంతులు గారంతటి సంస్కర్తకే అది మింగుడుపడలేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి పూర్తిగా అచ్చువేయిస్తే, బూతు అని ఇంగ్లీషు ప్రభుత్వం ప్రతులు పట్టుకుపోయింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధాని అయ్యాక గాని నిషేధం పోలేదు. ఆడది తనకేం కావాలో నోరు విప్పి చెబితే ముప్పై ఏళ్లకి పైగా తాళం వేశారు. ఆడదాని నోరు నొక్కేవి మాత్రం ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్నాయి. బూతు ఏదో తేల్చేటప్పుడు నేను ఈ తేడా చూస్తాను. బట్టలున్నాయా లేవా అన్నది తర్వాత.

ఇక తెర అవతలి మనిషి. ఇది నువ్వు అడగలేదు, ఎవరూ అడగరు. ఆమె ఇష్టపడే వచ్చిందని నీకెలా తెలుసు? అమెరికాలో ఒక పేరున్న సైటు మీద 22 మంది ఆడపిల్లలు కోర్టుకెళ్లారు. వీడియో ఇంటర్నెట్‌లో పెట్టం, ఎక్కడో దూరదేశంలో డీవీడీగా అమ్ముతాం అని నమ్మించి తీశారు. 2020 జనవరిలో శాన్ డియాగో కోర్టు వాళ్లకి దాదాపు కోటీ ముప్పై లక్షల డాలర్లు ఇవ్వమంది. అప్పటికి ఆ వీడియోలు లక్షలమంది చూసేశారు. చూసినవాళ్లకి అవి మామూలు వీడియోలే. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచంలోకెల్లా పెద్ద సైట్లలో ఒకటి, ఎవరు పెట్టారో తేలని వీడియోలన్నిటినీ ఒక్కసారిగా తీసేసింది. అందులో పిల్లలవి, బలాత్కారానివి ఉన్నాయని పత్రికలో వచ్చి, వీసా, మాస్టర్‌కార్డు వాళ్లు తప్పుకుంటే గాని ఆ పని చెయ్యలేదు.

అమెరికా దాకా ఎందుకు? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక డాక్టరు అమ్మాయిని చంపేశాక దేశమంతా కొవ్వొత్తులు పట్టుకున్న వారంలోనే, ఒక బూతు సైటులో ఆ పిల్ల పేరు కొట్టి వెతికేవాళ్లు ఎక్కువయ్యారని వార్తలొచ్చాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. కొవ్వొత్తి పట్టుకున్నవాడూ, వెతికినవాడూ ఒకడే అయ్యుండొచ్చు కదా అన్నదే నా బాధ. 2024 డిసెంబరులో మన విశాఖలో, కొత్తగా పెళ్లయిన కుర్రాడొకడు లోన్ యాప్‌లో తీసుకున్నదాంట్లో రెండు వేలు బాకీ ఉంటే, వసూలుకొచ్చినవాళ్లు అతని భార్య ఫోటో మార్ఫింగ్ చేసి బంధువులకి పంపారు. అతను ప్రాణం తీసుకున్నాడు. ఆ ఫోటో అందుకున్నవాళ్లు అది దొంగదని ఒక్క క్షణం ఆలోచించి, ఇంటికెళ్లి భుజం మీద చెయ్యేసుంటే బతికేవాడేమో. చూడ్డానికి అలవాటుపడ్డ కన్ను అనుమానించదు. చూసేస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. పెద్దవాళ్లవి నువ్వు ఒక్కడివే చూసినంత మాత్రాన పోలీసులు రారు. గ్రూపులో ఫార్వర్డ్ చేశావో, ఐటీ చట్టం 67ఎ కింద అయిదేళ్ల దాకా జైలు. పిల్లలవైతే ఫోనులో దాచుకోవడమే నేరమని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మీ కంపెనీ కుర్రాళ్ల టెలిగ్రామ్ గ్రూపులు ఉన్నాయే, వాటిలోంచి ఇవాళే బయటికి రా. అక్కడ ఎవడేం పడేస్తాడో, అది నీ ఫోనులో ఎక్కడ కూర్చుంటుందో నీకే తెలీదు. "మన కాలేజీ పిల్లట", "పక్కూరి ఆంటీయట" అని వచ్చేవి అసలు తెరవకు. మనకి తెలిసినవాళ్లెవరివైనా కనబడితే వాళ్లకి చెప్పి, 1930కి ఫోన్ చేయించు.

నీ పెళ్లాం ఫోటోలు, వీడియోలు అలాంటివి తియ్యకు. ఆ పిల్ల ఒప్పుకున్నా తియ్యకు. నీ మీద నమ్మకం లేక కాదు. ఫోను రిపేరుకిస్తావు, బస్సులో పోగొట్టుకుంటావు, అమ్మేస్తావు.

రాత్రి పడగ్గదిలోకి ఫోను తీసుకెళ్లకు. అలారానికి గడియారం కొనుక్కో. మెయిన్ రోడ్డులో రెండొందలకి దొరుకుతుంది. చేతికి అందకపోతే సగం అలవాటు దానంతటదే సన్నగిల్లుతుంది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన రోజున తిని పడుకో. ఒంటరితనంతోనో, విసుగుతోనో, సూపర్‌వైజర్ తిట్టాడనో చూస్తున్నావేమో గమనించుకో. నాకు తెలిసినంతలో మగాళ్లు కోరిక పుట్టి చూసేదానికంటే, తోచక చూసేదే ఎక్కువ.

పిల్లకి ఏం చెప్పాలి అన్నావు. "అందరూ చూస్తారు" అని మాత్రం అనకు. ఆ పిల్ల అందరినీ పెళ్లి చేసుకోలేదు. ఏమేం చూశావో పట్టిక చదవక్కర్లేదు, అది ఆ పిల్ల నెత్తిన ఇంకో బరువు. ఎప్పటినుంచి అని అడిగితే నిజం చెప్పు. మళ్లీ చూడనని ఒట్టు వెయ్యకు. ఒట్టు తప్పిన రోజున దాస్తావు. నేను చూసిన ఇళ్లలో వీడియో ఎంత చెరిచిందో, దాచడం దానికి రెట్టింపు చెరిచింది. బాత్రూంలో ఫోను, బోర్లా పెట్టిన ఫోను, మారిన లాక్ నంబరు. ఆడదానికి మొదట తెలిసేది వీడియో కాదు, మొగుడికి తనకి చెప్పని గదొకటుందని. ఆమెకి కోపముంటే కొన్నాళ్లు ఉండనీ. కోపం పోగొట్టడానికి చీర కొనకు. ఆ పూట "నీకేం ఇష్టం, నీకేం ఇష్టం ఉండదు?" అని అడుగు. అడిగాక ఊరుకో. మన పిల్లలకి ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేసుండరు కాబట్టి వెంటనే జవాబు రాదు. తెలీదు అంటుంది, పోండి అంటుంది. వారం తర్వాత వంట చేస్తూ ఏదో ఒకటి చెప్తుంది. అప్పుడు ఫోను చూసుకోకుండా విను.

ఆ పిల్లకీ నాలుగు మాటలు చెప్పమంటే చెప్తాను, కాని తనంతట తాను ఫోన్ చేస్తేనే. నీ తరఫున రాయబారం మోయను.

ఇంకొక్కటుంది. మీ తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ నోట్సులన్నీ వాట్సాప్‌లో వస్తాయని వాడి చేతికీ ఫోనొచ్చింది. వాడు చూడలేదని నువ్వు ఒట్టేసి చెప్పగలవా? నువ్వు ఏ క్లాసులో మొదలెట్టావో గుర్తుచేసుకో. కొట్టొద్దు, ఫోను లాక్కోవద్దు. ఆదివారం శారదా నది ఒడ్డుకి నడుచుకుంటూ తీసుకెళ్లి, అవి నటన అనీ, అందులో ఉన్నట్టు ఆడవాళ్లుండరనీ, వాడి ఒంట్లో జరిగేదేదీ జబ్బు కాదనీ, ఎవరైనా ఏదైనా పంపి బెదిరిస్తే ముందు నీ దగ్గరికే రావాలనీ చెప్పు. ఇది మీ నాన్న చెప్పే పని. కాని మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. టీవీలో ముద్దు సీను వస్తే ఇప్పటికీ గేటు వేశారో లేదో చూసొస్తానని లేచి వెళ్లిపోతాడు. కాబట్టి నువ్వే చెప్పు.

మీ అత్త